విప్పింది రెండు నెలల్లో... బిగిస్తున్నది పదమూడేళ్లుగా!

ఎడ్మంటన్, కెనడా నుంచి

శనివారం వస్తే మనవాళ్లు ఏం చేస్తారు? బట్టలు ఉతుక్కుంటారు. వారానికి సరిపడా కూర వండి ఫ్రిజ్‌లో సర్దుకుంటారు. ఇంటికి ఫోన్ చేస్తారు. టైం మిగిలితే ఓ సినిమా. మేం నలుగురం కూడా అంతే. కాకపోతే 2019 చలికాలం నుంచి మా శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఓ పాత లారీకి రాసిచ్చేశాం. ఎడ్మంటన్ ఊరవతల ఓ పెద్దాయన షెడ్డులో ఉన్న 1951 నాటి ఫార్గో లారీ అది. ఆయన దాన్ని 2012లో ఓ రైతు పొలం దగ్గర జరిగిన వేలంలో కొన్నాడు. రెండు నెలల్లో మొత్తం విప్పేశాడు. అప్పట్నుంచి బిగిస్తూనే ఉన్నాడు. ఇవాళ్టికీ అది రోడ్డెక్కలేదు.

"పదమూడేళ్లా? మా ఆటోనగర్‌లో అయితే నెల తిరక్కుండా కొత్త బాడీ కట్టి పంపేవాళ్లం కదరా!" అని మాలో ఒకతని నాన్నగారు ఫోన్‌లో నవ్వారు. మొదట్లో మేమూ అలాగే నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వడం లేదు. పాత లారీని మళ్లీ నిలబెట్టడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతుందో, మధ్యలో ఆగిపోయేవి ఎందుకు ఆగిపోతాయో చేతులకు గ్రీజు అంటాక తెలిసింది. ఆ సంగతే మీతో పంచుకుందామని.

షెడ్డులోకి ఎలా వెళ్లామంటే...

పెద్దాయన మా సైట్లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. పేరు రాయొద్దన్నాడు. ఆయన్ని మేం పెద్దాయన అనే చెప్పుకుంటాం. మా నలుగురిలో ఒకతనిది నూజివీడు దగ్గర పల్లె, వెల్డర్. ఒకతనిది తణుకు, ఎలక్ట్రీషియన్. ఇంకొకతనిది నారాయణపేట, షట్టరింగ్ కార్పెంటర్. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది డిప్లొమా చదివిన సైట్ సూపర్‌వైజర్.

రిటైరయ్యే రోజు పెద్దాయన మా వెల్డర్ని పిలిచి, "ఓ చిన్న పని ఉంది, ఒక్క శనివారం వస్తావా?" అని అడిగాడు. ఒక్కడూ వెళ్తే బాగుండదని మేమూ కారెక్కాం. షెడ్డు తలుపు తీశాడు. బయట మైనస్ 25. లోపల కట్టెల పొయ్యి. నడిమధ్యలో ఛాసిస్. గోడ పొడుగునా అరల్లో డబ్బాలు, సీసాలు, గోనె సంచులు. ఓ మూల ముందు ముక్కు, అంటే బానెట్, గోడకు ఆనించి ఉంది. దాని మీద పాత అక్షరాలు. వాటిని చదవగానే మా నూజివీడు తమ్ముడు అక్కడే ఆగిపోయాడు. "అన్నా, ఫార్గో! మా నాన్న క్లీనర్‌గా ఎక్కిన మొదటి లారీ ఇదే అన్నా!" అన్నాడు.

ఒక్క శనివారం అనుకున్నది ఆరేళ్లయింది.

ఫార్గో మనకూ చుట్టమే

కెనడాలో ఫార్గో అంటే ఏమిటో కాస్త చెప్పాలి. అమెరికాలో చికాగోకు చెందిన ఫార్గో పేరును క్రిస్లర్ కంపెనీ 1928లో సొంతం చేసుకుంది. కెనడాలో పల్లెటూళ్లు దూరం దూరం. చిన్న ఊరికి ఒకే డీలరు ఉంటాడు. డాడ్జి డీలరుకు అమ్ముకోవడానికి డాడ్జి లారీ ఉంది. మరి అదే కంపెనీకి చెందిన క్రిస్లర్, ప్లిమత్ కార్ల డీలరు ఏం అమ్మాలి? అందుకని అదే లారీకి పేరు మార్చి ఫార్గో అని ఇచ్చారు. 1972 దాకా ఇక్కడ ఆ పేరు నడిచింది. ఫోర్డ్ వాళ్లు ఇదే పని మెర్క్యురీ పేరుతో చేశారు. ఆ పేరుతో పికప్పులు 1968 దాకా వచ్చాయి. జనరల్ మోటార్స్ వాళ్లకు మేపుల్ లీఫ్ అని ఓ లారీ ఉండేది. అంటే ఇవి కెనడా పల్లెలకు బాగా తెలిసిన పేర్లు. ఇక్కడి పాతతరం రైతులకు వాటి మీద మమకారం అందుకే.

మరి మన సంగతి? వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. క్రిస్లర్‌తో ఒప్పందం చేసుకుని డాడ్జి, డిసోటో, ఫార్గో పేర్లతో లారీలు తయారు చేశారు. జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు 1954లో రావడం మొదలైంది. మద్రాసులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. వీటి జోరు పెరిగేదాకా మన రోడ్ల మీద పొడుగు ముక్కు డాడ్జిలు, ఫార్గోలు బాగానే తిరిగాయి. పెట్రోలు ఇంజన్ పీకేసి పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ ఎక్కించిన బళ్లను చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

ఇంకో ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా 8 లక్షలకు పైగా మిలిటరీ వాహనాలు తయారు చేసింది. ఓషవాలో జనరల్ మోటార్స్, విండ్సర్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు పనిచేశాయి. బ్రిటిష్ సైన్యాల కోసం కదా, వాటికి స్టీరింగ్ మనకు లాగే కుడివైపున ఉండేది. బర్మా సరిహద్దులో మన సైనికులు నడిపిన లారీల్లో ఇవీ ఉన్నాయి. యుద్ధం అయ్యాక మిలిటరీ మిగులు బళ్లను డిస్పోజల్స్ కింద వేలం వేస్తే లారీ ఓనర్లు కొనుక్కున్నారు. కెనడాకు మొదట మనం వచ్చామనుకుంటాం గానీ, అంతకు చాలా ముందే కెనడా ఇనుము మన దేశం వచ్చి బరువులు మోసింది!

ఏళ్లు ఎక్కడికి పోతాయి?

ఇక అసలు విషయం. పాత లారీని బాగుచేయడానికి కావలసిన పని గంటలు లెక్కేస్తే ఏడాదికి మించి ఉండవేమో. కానీ ఆ గంటల మధ్య ఎదురుచూపులే ఎక్కువ. మా అనుభవంలో చూసినవి కొన్ని చెబుతాం.

మొదటిది, తెలియక పోయే కాలం. మొదటి శనివారం ఎడమ చక్రం నట్లు విప్పమన్నాడు పెద్దాయన. పానా వేశాం. కదల్లేదు. పానాకు పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. ఫట్‌మని బోల్టు విరిగింది. అప్పుడు చెప్పాడాయన నవ్వుతూ... ఆ కాలం క్రిస్లర్ బళ్లకు ఎడమ చక్రాల మరలు తిరగేసి ఉంటాయట. మనం విప్పుతున్నామనుకుని బిగించాం! విరిగిన బోల్టు తీయించి, అలాంటిది సంపాదించడానికి ఆరు వారాలు పట్టింది. ఆ రాత్రి మా తమ్ముడు నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, "ఎడమ చక్రం అయితే తిరగేసి తిప్పాలిరా అబ్బాయ్. నన్ను ముందే అడక్కూడదూ?" అన్నారట. ఆయన ఆ లారీ మీద పనిచేసి యాభై ఏళ్లు దాటింది. అయినా చేతికి గుర్తుంది.

రెండోది, సామాన్ల కోసం పోయే కాలం. ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లు. వాల్వులు పైన హెడ్డులో కాకుండా కింద బ్లాకులోనే ఉంటాయి. అమెరికాలో అదే డాడ్జి పికప్పుకు 23 అంగుళాల బ్లాకు వేస్తే, కెనడా ఫ్యాక్టరీ 25 అంగుళాల బ్లాకు వేసింది. బయటికి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఒకదాని హెడ్ గ్యాస్కెట్ రెండోదానికి కూర్చోదు. ఓ సామాన్ల దుకాణం వాడు సరిహద్దు అవతలి నుంచి ఒకటి కాదు, రెండుసార్లు తప్పుది పంపాడు. వెనక్కి పంపడం, డబ్బు రావడం, మళ్లీ వెతకడం... ఒక్క గ్యాస్కెట్‌తో ఓ చలికాలం అయిపోయింది. అప్పట్నుంచి పెద్దాయన ఏది ఆర్డరిచ్చినా ముందు టేపు పెట్టి కొలుస్తాడు, తర్వాతే ఫోన్ తీస్తాడు.

మూడోది, తుప్పు. ఆల్బర్టా గాలి పొడిగా ఉంటుంది. పైగా ధాన్యం లారీలు కోతల సీజన్‌లో తప్ప బయటికి రావు. అందుకే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా పొలాల వెనక చెట్ల కింద ఇలాంటి బళ్లు దొరుకుతున్నాయి. పైన రేకు బాగానే ఉంటుంది. మోసం లోపలే. ఈ ఇంజన్‌లో నీళ్ల పంపు వెనక, బ్లాకు పొడుగునా ఓ పల్చటి రేకు గొట్టం ఉంటుంది. వేడెక్కే వాల్వుల దగ్గరికి నీళ్లు పంపడం దాని పని. అది తుప్పు పట్టి బ్లాకుకు అతుక్కుపోయింది. బయటికి లాగాలంటే రాదు. విరుగుతుంది. మా వెల్డర్ ఇనుప కడ్డీకి కొక్కెం వంచి, నూనె పోస్తూ, ముక్కలు ముక్కలుగా లాగాడు. నాలుగు శనివారాలు. అది వదిలేసి ఇంజన్ బిగించేస్తే? స్టార్టవుతుంది. కాకపోతే వెనక సిలిండర్లకు నీళ్లు అందక వేడెక్కి, కొన్నాళ్లకు మళ్లీ మొత్తం విప్పాల్సిందే. కాంక్రీటు పోశాక కడ్డీ మరిచిపోయామని గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా.

నాలుగోది, అలవాటు. మా తణుకు ఎలక్ట్రీషియన్ పనిలో దిట్ట. వైరింగ్ అంతా నేనే చేస్తానన్నాడు. ఆ లారీకి 12 వోల్టులు కాదు, 6 వోల్టులు. పైగా బాడీకి కలిపేది నెగెటివ్ కాదు, పాజిటివ్. "ఇదెక్కడి తిరకాసు అన్నా!" అని తల పట్టుకున్నాడు. 6 వోల్టులకు వైరు లావుగా ఉండాలి. సన్న వైరు వేస్తే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ తిరగదు. వేసిన వైరు మొత్తం తీసి మళ్లీ వేశాడు. ఇప్పుడు ఆ లారీ వైరింగ్ బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాడు.

వీటికి తోడు 2020లో కరోనా. ఒకరింటికి ఒకరు వెళ్లడానికి లేదు. నెలల తరబడి షెడ్డు తలుపు మా కోసం తెరుచుకోలేదు. వేసవిలో మాకు ఓవర్ టైం. కాంక్రీటు పనులన్నీ అప్పుడే కదా. కాబట్టి లారీ పని చలికాలానిదే. చలికాలంలో రంగు వేయలేం. అలా ఒక ఏడాది రెండేళ్లవుతుంది, రెండేళ్లు అయిదవుతాయి.

ప్రాణం ముఖ్యం బాబూ

ఇలాంటి పాత బళ్ల జోలికి వెళ్లే మనవాళ్లు గల్ఫ్‌లోనూ ఉన్నారని విన్నాం. సైట్ సేఫ్టీ చూసే అలవాటు వల్ల రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే గాలి కొట్టి దుమ్ము ఊదేయడం మన షెడ్డుల్లో అలవాటు. ఆ పని చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తడిపి తుడవాలి. సరైన మాస్కు ఉండాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకితే అదీ ప్రమాదమే. అలాగే ముక్కల రిమ్ములు, అంటే రింగు తీసి టైరు వేసే చక్రాలు. గాలి కొడుతుంటే రింగు సరిగ్గా కూర్చోకపోతే తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది. ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టాలి. పదమూడేళ్లు పట్టినా ఫర్వాలేదు గానీ మనిషి మిగలాలి కదా.

వెటాస్కివిన్‌లో కళ్లు తెరిచాం

ఎడ్మంటన్‌కు దక్షిణంగా 70 కిలోమీటర్ల దూరంలో వెటాస్కివిన్ అనే చిన్న ఊరుంది. అక్కడ రేనాల్డ్స్ ఆల్బర్టా మ్యూజియం చూడదగ్గది. స్టాన్ రేనాల్డ్స్ అని, యుద్ధంలో విమానం నడిపి తిరిగొచ్చి అదే ఊళ్లో కార్ల వ్యాపారం పెట్టాడు. కొత్త బండి కొనడానికి వచ్చే రైతులు పాత బండో ట్రాక్టరో ఇస్తే తీసుకునేవాడు. అలా చేరిన వాటిని తుక్కుకు వేయకుండా దాచాడు. వందలకొద్దీ బళ్లు, యంత్రాలు, విమానాలు ఆల్బర్టా ప్రభుత్వానికి ఇచ్చేశాడు. 1992లో మ్యూజియం తెరిచారు. 2012లో ఆయన కన్నుమూశాడు. పెద్దాయన ఫార్గో కొన్నది కూడా ఆ ఏడాదే.

అక్కడ మెరిసిపోతున్న కార్ల కన్నా మాకు రెండు చోట్లు నచ్చాయి. ఒకటి, బళ్లు బాగుచేసే వర్క్‌షాపు. జీతాలిచ్చి పెట్టుకున్న నిపుణులు. లేత్ మిషన్లున్నాయి, దుమ్ము లాగే యంత్రాలున్నాయి. రెండోది గోదాము. అక్కడ వరసలు వరసలుగా పాత బళ్లు నిలబడి ఉన్నాయి. తుప్పుతోనే, చిరిగిన సీట్లతోనే. ప్రభుత్వ మ్యూజియమే అన్నిటినీ బాగుచేయలేక వరసలో నిలబెడితే, ఓ రిటైరైన మనిషికి పదమూడేళ్లు పట్టడంలో వింతేముంది?

మ్యూజియం పనిలో మొదటి సూత్రం ఒకటుంది. పానా పట్టేముందు రాసుకోవాలి, ఫొటో తీయాలి. ఏ నట్టు ఎక్కడిది, ఏ రంగు కింద ఏ రంగుంది, ఏ భాగం పాతది, ఏది కొత్తగా చేసింది... అన్నీ. ఎందుకంటే మొదలుపెట్టిన చేయి, ముగించే చేయి ఒకటే అయి ఉండాలని లేదు. ఈ మాట అక్కడ విన్నప్పుడు మామూలుగా తలూపాం. తర్వాత అర్థమైంది, మొత్తం కథ ఇదేనని.

బ్రిటిష్ కొలంబియాలో సర్రీ నగరంలోనూ పాత లారీల మ్యూజియం ఉంది. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల చేతుల మీద నడుస్తుంది. వాంకూవర్‌లో 1975 దాకా దుంగల లారీలు తయారు చేసిన హేస్ కంపెనీ బళ్లు కావాలంటే ఆ రాష్ట్రంలో చూడొచ్చు. ఇంకా ఉత్తరాన యూకాన్‌లో, యుద్ధకాలంలో పైప్‌లైను కోసం వేసిన కెనాల్ రోడ్డు పక్కన, అప్పుడు వదిలేసిన లారీలు ఇప్పటికీ అడవిలో తుప్పు పడుతున్నాయి. వాటిని విప్పినవాళ్లూ లేరు, బిగించేవాళ్లూ లేరు.

ఆగిపోయేవి ఎందుకు ఆగిపోతాయి?

ఇక్కడ పాత బళ్ల అమ్మకం ప్రకటనల్లో ఓ మాట తరచూ కనిపిస్తుంది. 'ముప్పావు వంతు పూర్తయింది, సామాన్లన్నీ డబ్బాల్లో ఉన్నాయి.' దాని వెనక ఎవరో ఒకాయన పోయి ఉంటాడు, లేదా వృద్ధాశ్రమంలో చేరి ఉంటాడు. కొడుకో కూతురో డబ్బాల వంక చూసి ఏది ఏమిటో తెలియక అమ్మకానికి పెట్టేస్తారు. కొన్నవాడికీ తెలియదు. చివరికి పాత ఇనుము ధర. డబ్బు లేక ఆగినవాటి కన్నా, లెక్క తెలిసిన రెండో మనిషి లేక ఆగినవే ఎక్కువని పెద్దాయన అంటాడు. ఆయన స్నేహితుల షెడ్లు అలా రెండు ఖాళీ అయ్యాయి. ఒక షెడ్డు ఖాళీ చేసిన రోజు మేమూ వెళ్లాం. ముప్పై ఏళ్లు కూడబెట్టిన సామాను సగం రోజులో ట్రాలీ ఎక్కింది. తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దాయనకు ఇప్పుడు 79. ఆల్బర్టాలో డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే 80 ఏళ్లకు డాక్టరు పరీక్ష నెగ్గాలి. ఆయన కుడి కన్ను 2023 నుంచి మసకబారుతోంది. సన్న మరలో నట్టు ఎక్కించాలంటే మమ్మల్ని పిలుస్తున్నాడు. వచ్చే ఏడాది పరీక్ష తప్పితే, పదమూడేళ్లు కష్టపడిన లారీని ఆయన ఒక్కసారి కూడా నడపలేడు. ఆ మాట ఆయన అనడు. మేమూ అనం. కానీ షెడ్డులో అందరికీ తెలుసు.

ఓ రోజు టీ తాగుతుంటే మా నారాయణపేట అన్న ఉండబట్టలేక అడిగేశాడు. "పెద్దాయనా, గింత కష్టం దేనికి? బాగు చేసింది ఒకటి కొనుక్కుంటే అయిపోవు గదా?" అని. సగం ఇంగ్లిష్, సగం సైగలు. పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేశాడు. వాళ్ల నాన్న ఇలాంటి ఫార్గోలోనే గోధుమలు తోలేవాడట. అప్పు తీర్చడానికి దాన్ని అమ్మేశారట. ఆ రోజు తను బడి నుంచి వచ్చేసరికి షెడ్డులో లారీ లేదట. అంతే చెప్పాడు. మా నలుగురిలో అప్పు కోసం ఎకరమో, ఎద్దులో, తల్లి మెడలో గొలుసో పోనివాళ్లు లేరు. ఇంకేమీ అడగలేదు.

ఓ పాత నోటు పుస్తకం

2023 డిసెంబర్‌లో పెద్దాయన అర మీంచి ఓ నోటు పుస్తకం తీసి మా చేతిలో పెట్టాడు. 2012 నుంచి రాసుకున్నది. విప్పిన ప్రతి భాగానికి నంబరు, చిన్న బొమ్మ, తేదీ. ఏ డబ్బాలో ఏముందో చిట్టా. మొదటి పదిహేను పేజీలు చక్కగా ఉన్నాయి. తర్వాత ఖాళీ. "తలలో గుర్తుంటుందిలే అనుకున్నా" అన్నాడు. మా సైట్లో రోజువారీ రిపోర్టు రాయకుండా వదిలేసే కుర్రాళ్లను మేం రోజూ కోప్పడతాం. ఇక్కడ ఆయన్ని ఏమనగలం?

అప్పట్నుంచి పని తీరు మారింది. ముందు గంట పని లేదు. ఆయన చెబుతాడు, మేం రాస్తాం. ప్రతి డబ్బాకు చీటీ. బ్రేకు పైపులు ఎటునుంచి ఎటు వెళ్తాయో ఫొటోలు. కమాన్ కట్టల వరస. నారాయణపేట అన్న ధాన్యం తొట్టి పలకల కొలతలన్నీ చెక్క ముక్క మీద గీసి గోడకు కొట్టాడు. వింతేమిటంటే, రాయడానికి గంట పోతున్నా పని వేగం పెరిగింది. వెతుకులాట తగ్గింది కదా! ఏళ్ల తరబడి కానిది ఏడాదిన్నరలో అయింది. ఇంజన్ ఛాసిస్ మీద కూర్చుంది. వైరింగ్ పూర్తయింది. క్యాబిన్‌కు రంగు పడింది. ముదురు ఆకుపచ్చ.

2025 ఏప్రిల్‌లో ఓ శనివారం, ఇక్కడ మధ్యాహ్నం. నూజివీడులో అర్ధరాత్రి దాటింది. మా తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. నాన్నగారు నిద్ర మానుకుని మంచం మీద కూర్చున్నారు. పక్కన అమ్మగారు. పెద్దాయన తాళం తిప్పి, కాలితో సెల్ఫ్ తొక్కాడు. ఒకసారి తిరిగింది, ఆగింది. రెండోసారి పొగ. మూడోసారి అందుకుంది. షెడ్డు రేకులు గలగలలాడాయి. మేం అరుస్తున్నాం, చప్పట్లు కొడుతున్నాం. ఫోన్‌లో నాన్నగారు మాత్రం చెయ్యెత్తి, "ఆగండ్రా, ఆగండి. అరవకండి" అన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. అర నిమిషం.

"టైమింగ్ కాస్త ముందుకుంది. పెద్దాయన్ని రెండు గీతలు వెనక్కి తిప్పమను" అన్నారు.

తమ్ముడు ఇంగ్లిష్‌లో చెప్పాడు. పెద్దాయన డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, మెల్లగా కాస్త తిప్పాడు. శబ్దం మారింది. కుట్టు మిషన్‌లా మెత్తగా నడిచింది. పెద్దాయన ఫోన్ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లిష్ రాదు. ఇద్దరూ తలూపుకున్నారు.

మన దగ్గర ఏం మిగిలింది?

ఆ రాత్రి నుంచి మాకు ఓ ఆలోచన పట్టుకుంది. హైదరాబాద్ బస్ భవన్‌లో 1932 నాటి ఆల్బియన్ బస్సును భద్రంగా ఉంచారు. నిజాం రోడ్డు రవాణా విభాగం ఆ ఏడాది 27 బస్సులతో మొదలైంది, వాటి గుర్తు అది. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. సంతోషమే. కానీ బరువులు మోసిన లారీలను ఎవరు దాచారు? తిరిగినన్నాళ్లు తిప్పి, తర్వాత గ్యాస్ కట్టర్‌తో కోసి తూకానికి వేశాం. మనకు అది తిండి పెట్టిన బండి. షోకుకు దాచుకునే స్తోమత అప్పుడు లేదు. తప్పు పట్టడానికి లేదు.

బండి పోతే పోయింది. ఆ బండి లెక్క తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. బెజవాడ ఆటోనగర్‌లో, వరంగల్, నెల్లూరు, అనంతపురం షెడ్లలో చెవితో ఇంజన్ జబ్బు చెప్పేవాళ్లు, కంటితో కమాను వంపు చూసేవాళ్లు, కొలబద్ద లేకుండా బాడీ కట్టేవాళ్లు. వాళ్లలో చాలామంది మనలాంటివాళ్ల నాన్నలే, మామయ్యలే. ఏ పుస్తకంలోనూ లేని విద్య వాళ్ల చేతుల్లో ఉంది. మనం ఫోన్ చేసి, "భోంచేశావా నాన్నా, మందులు వేసుకున్నావా" అని అడిగి పెట్టేస్తాం. డబ్బులు అందాయా అంటాం. వాళ్లకు తెలిసింది అడగం. మా తమ్ముడు ఆరేళ్ల కిందట ఎడమ చక్రం గురించి ముందే ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ బోల్టు విరిగేది కాదు.

ఇప్పుడు ప్రతి శనివారం షెడ్డుకు వెళ్లే ముందు నూజివీడుకు ఓ పావుగంట ఫోన్. ప్రశ్నలు ముందే రాసుకుంటాం. డీజిల్ ఇంజన్ ఎక్కించేటప్పుడు గేరు బాక్సు ఎలా కలిపేవారు? గ్యాస్కెట్ దొరక్కపోతే ఏం చేసేవారు? ఆయనకూ హుషారు వచ్చింది. "రేపు అడుగు, గుర్తు తెచ్చుకుని చెబుతా" అంటున్నారు. అమ్మగారైతే, "మీ పుణ్యమా అని ఈయన సణుగుడు తగ్గింది బాబూ" అన్నారు.

లారీ సంగతంటారా? ఇంకా అవలేదు. బ్రేకు సిలిండర్లు ఒక జత రావాలి. వెనక తొట్టికి పలకలు కోయాలి. సీటు కుట్టించాలి. 2026 కోతల నాటికి రోడ్డెక్కించాలని లెక్క వేసుకున్నాం. పెద్దాయన కంటి పరీక్ష దానికి ముందే ఉంది. నెగ్గితే ఆయనే నడుపుతాడు. లేకపోతే మా నలుగురిలో ఒకరం స్టీరింగ్ పడతాం, ఆయన పక్క సీట్లో కూర్చుని తిడతాడు. ఆ మాట ఆయనే అన్నాడు, మొన్న మొదటిసారి.

నోటు పుస్తకం నిండిపోయింది. రెండోది కొన్నాం. అందులో మొదటి పేజీ మీద పెద్దాయన ఇంగ్లిష్‌లో రాసిన ఇంజన్ సెట్టింగ్ ఉంది. దాని కింద మా తమ్ముడు తెలుగులో ఇలా రాశాడు... 'రెండు గీతలు వెనక్కి. నాన్న చెప్పినట్టు.'